నత్త విషం నుంచి నరాల నొప్పి మందు: నిలకడ అంటే ఎక్కడ, ఎంతసేపు?

కాకినాడ నుంచి ఒక ఎం.ఫార్మసీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళమ్మగారికి 11 ఏళ్ళుగా షుగరు. రెండేళ్ళుగా అరికాళ్ళ మంటలు, రాత్రిపూట దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్ర వేసుకుంటే పగలంతా మత్తు. సముద్రపు నత్త విషం నుంచి మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లు బలమైన మందు వచ్చిందని ఆమె చదివారు. అది మాత్రగా ఎందుకు రాలేదు, ఆ పెప్టైడ్‌లో, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులో, డి-అమైనో ఆమ్లాలు (మామూలు వాటికి అద్దంలో ప్రతిబింబం లాంటివి) పెట్టి గట్టిపరిస్తే సరిపోదా, దీన్నే ప్రాజెక్టుగా తీసుకోవచ్చా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో పెప్టైడ్‌ల తయారీలో 22 ఏళ్ళుగా ఉన్నాను. అందులో ఆరేళ్ళు డైసల్ఫైడ్ బంధాలు (రెండు గంధకాలు కలిసి వేసే బంధాలు) ఉన్న చిన్న పెప్టైడ్‌ల మీదే గడిచాయి. అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

డి-అమైనో ఆమ్లాలు పెడితే సరిపోదండీ. పెప్టైడ్ విరిగిపోవడం ఒక్కటే అడ్డంకి అయితే ఈ మందు ఎప్పుడో మాత్రగా వచ్చేది. ఎందుకు రాలేదో తెలియాలంటే ముందు ఆ మందు సంగతే చూడాలి.

దాని పేరు జికోనొటైడ్. ప్రియాల్ట్ అన్న పేరుతో 2004 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాని మూలం చేపల్ని వేటాడే కోనస్ మేగస్ అనే శంకు నత్త. ఫిలిప్పీన్స్‌కి చెందిన బాల్డొమేరో ఒలివేరా అమెరికాలో చదువుకుని స్వదేశానికి తిరిగి వెళ్తే, డీఎన్ఏ పరిశోధనకి కావలసిన పరికరాలు అక్కడ లేవు. చేతికందిన శంకు నత్తలతో పని మొదలుపెట్టారు. తర్వాత యూటా విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర చదివే క్రెయిగ్ క్లార్క్ అనే కుర్రాడు విషాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కోదాన్నీ ఎలుక మెదడులోకి ఎక్కించి చూశాడు. ఒకటి ఎలుకని నిద్రపుచ్చింది, ఒకటి గోక్కునేలా చేసింది, ఒకటి వణికించింది. ఆ వణికించే రకం పెప్టైడ్‌నే, అప్పుడే హైస్కూల్ ముగించిన మైకేల్ మెకింటాష్ కోనస్ మేగస్ నుంచి వేరుచేశాడు. మీ వయసు వాళ్ళు, మీకంటే చిన్నవాళ్ళు చేసిన పని ఇది. ఇప్పుడు మందు కోసం నత్తల్ని పట్టక్కర్లేదు. అదే పెప్టైడ్‌ని రసాయనికంగా తయారుచేస్తారు.

అందులో 25 అమైనో ఆమ్లాలు, మూడు డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి. కాలి నుంచి వచ్చే నొప్పి కబురు వెన్నుపాములో ఒక నరం చివర నుంచి ఇంకో నరానికి అందాలంటే, ఆ చివర ఎన్-టైప్ కాల్షియం ఛానెల్ తెరుచుకోవాలి. కాల్షియం లోపలికొస్తేనే కబురు మోసే రసాయనాలు బయటికొస్తాయి. జికోనొటైడ్ ఆ ఛానెల్ నోటికి బిరడాలా అడ్డం పడుతుంది. మీ అమ్మగారు వేసుకుంటున్న ప్రీగాబాలిన్ కూడా ఈ కాల్షియం ఛానెల్‌కి తోడుగా ఉండే ఆల్ఫా-2-డెల్టా అనే భాగానికే అతుక్కుంటుంది. ఇంట్లో ఉన్న మాత్రా, సముద్రం నుంచి వచ్చిన మందూ ఒకే తలుపు మీద వేర్వేరు చోట్ల పనిచేస్తున్నాయన్నమాట.

‘వెయ్యి రెట్లు’ అన్న మాట పట్టుకుని ఆశ పెంచుకోవద్దు. అది ప్రయోగాల్లో ఎంత తక్కువ మోతాదుకి ఫలితం కనబడింది అన్న లెక్క. రోగికి నొప్పి వెయ్యి రెట్లు తగ్గుతుందని కాదు. క్యాన్సర్, ఎయిడ్స్ రోగుల మీద చేసి 2004లో ప్రచురించిన ట్రయల్‌లో నొప్పి స్కోరు జికోనొటైడ్‌తో సగటున 53 శాతం, ఉత్తుత్తి మందుతో 18 శాతం తగ్గింది. కానీ ఆ మోతాదుల్లో తల తిరగడం, తికమక, లేనివి కనబడటం లాంటివి చాలామందిని ఇబ్బంది పెట్టాయి. మోతాదు మెల్లగా పెంచి చేసిన 2006 ట్రయల్‌లో ఈ బాధలు తగ్గాయి, ఉపశమనం కూడా తగ్గింది: 14.7 శాతం, ఉత్తుత్తి మందుతో 7.2 శాతం. మార్ఫిన్‌లా అలవాటుపడి మోతాదు పెంచుకుంటూ పోవాల్సిన పని లేకపోవడం దీని గొప్పతనం. మిగతా ఏ మందూ పనిచెయ్యని వాళ్ళకి అది చాలా పెద్ద విషయం.

దీన్ని ఇచ్చే పద్ధతి చూడండి. పొట్ట చర్మం కింద ఒక పంపు అమర్చి, అక్కడి నుంచి సన్నటి గొట్టం వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి పెడతారు. రోజుకి 2.4 మైక్రోగ్రాములకి మించకుండా మొదలుపెట్టి, గరిష్ఠంగా 19.2 దాకా వెళ్తారు. రక్తంలోకి ఇస్తే ఆ పెప్టైడ్ మెదడు, వెన్నుపాముల్లోకి దాటలేదు. పైగా అవే ఎన్-టైప్ ఛానెల్స్ రక్తనాళాల్ని బిగించి ఉంచే నరాల్లోనూ ఉన్నాయి. వాటిని ఆపితే మనిషి లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. అంటే మీరు జికోనొటైడ్‌ని కడుపులో అస్సలు విరగనంత గట్టిగా చేసి, అది పూర్తిగా రక్తంలోకి చేరేలా చేసినా, ఆ మాత్ర నొప్పి తగ్గించదు. కళ్ళు తిరిగేలా చేస్తుంది. ఇక్కడ పెప్టైడ్ గట్టిగానే ఉంది, చేరాల్సిన చోటికి చేరడమే కుదరడం లేదు. నేను చూసిన ప్రాజెక్టు ప్రతిపాదనల్లో సగానికి పైగా ఈ ప్రశ్న వేసుకోకుండానే ‘స్థిరత్వం పెంచుతాం’ అని మొదలవుతాయి.

అయితే నిలకడ ముఖ్యం కాదా అంటే, చాలా ముఖ్యం. కానీ ‘స్థిరమైన పెప్టైడ్’ అన్న మాటకి దేన్ని తట్టుకోవాలో చెప్పకపోతే అర్థం లేదు. సీసాలో రెండేళ్ళు నిలవడం, 37 డిగ్రీల్లో పంపులో వారాలు నిలవడం, రక్తంలో గంటలు నిలవడం, పేగులో ఎంజైముల మధ్య నిలవడం వేటికవే. ఒకదానికి పనికొచ్చే మార్పు ఇంకోదానికి పనికిరాదు.

జికోనొటైడ్‌నే తీసుకోండి. దాని మూడు బంధాలు ముడిలా ఉంటాయి. రెండు బంధాలు, మధ్యలో ఉన్న గొలుసు ముక్కలు కలిసి ఒక ఉంగరం అవుతాయి. మూడో బంధం ఆ ఉంగరం గుండా దూరి వెళ్తుంది. పూలు కట్టేటప్పుడు దారాన్ని మెలికలోంచి దూర్చి లాగితే ఎలా బిగుసుకుంటుందో అలాగ. అందుకే ఆకారం చెదరదు. కానీ 12వ స్థానంలో ఒక మెథియోనైన్ ఉంది. గాలిలోని ఆక్సిజన్ తగిలితే దాని గంధకం ఆక్సీకరణ చెందుతుంది. ఎంత గట్టి ముడి వేసినా దీన్ని ఆపలేదు, ఎందుకంటే అది ముడికి బయట, కాల్షియం ఛానెల్‌ని పట్టుకునే వైపున ఉంది. అందుకే సీసాలో విడిగా మెథియోనైన్ కూడా కలుపుతారు, ఆక్సిజన్ ముందు దాన్ని తినాలని. ద్రావణం పీహెచ్ 4 నుంచి 5 మధ్య ఉంచుతారు, ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా పెడతారు.

పంపులో ఇంకో సమస్య. మొదటిసారి నింపినప్పుడు పెప్టైడ్ కొంత పంపు లోపలి గోడలకి అంటుకుపోతుంది, ఇంకొంత లోపల మిగిలున్న ద్రవంతో పలచబడుతుంది. అందుకే తొలి నింపుడు తర్వాత 14 రోజుల్లోపే మళ్ళీ నింపాలంటారు. మార్ఫిన్‌తో కలిపి ఒకే పంపులో పోస్తే జికోనొటైడ్ ఇంకా త్వరగా పాడవుతుంది. ఇదంతా పుస్తకాల్లో ‘ఫార్ములేషన్’ అన్న ఒక్క మాటలో దాటేస్తారు, పనిలోకి దిగాక సగం జీవితం అక్కడే గడుస్తుంది.

నాకు బాగా దెబ్బ తగిలిన చోటు ఒకటి చెబుతాను. ఆరు సిస్టీన్లున్న ఒక పెప్టైడ్ చేస్తున్నాం (సిస్టీన్ అంటే గంధకం ఉన్న అమైనో ఆమ్లం, రెండు జతకడితే ఒక డైసల్ఫైడ్). గొలుసు కట్టిన రెజిన్ పూసల నుంచి టీఎఫ్ఏ అనే ఆమ్లంతో విడగొట్టి, చల్లటి ఈథర్‌లో పోస్తే తెల్లటి పొడిలా అడుక్కి దిగింది. ఎండబెట్టి, బైకార్బొనేట్ బఫర్‌లో బంధాలు కట్టుకోవడానికి తోడ్పడే గ్లూటాథయోన్‌తో కోల్డ్ రూములో రెండు రోజులు తిప్పాం. మూడు డైసల్ఫైడ్‌లు ఏర్పడితే ఆరు హైడ్రోజన్లు పోతాయి, మాస్ (అణువు బరువు) 6 తగ్గాలి. సరిగ్గా 6 తగ్గింది. మిశ్రమాన్ని విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీలో ఒక పెద్ద పీక్ (గ్రాఫులో శిఖరం), పక్కన చిన్నవి రెండు. పెద్దదాన్ని పట్టుకుని శుద్ధిచేసి పరీక్షలకి పంపాం. ఏ ఫలితమూ లేదు. మళ్ళీ చేశాం, మళ్ళీ అంతే. మూడు నెలలు పోయాయి. ఆరు సిస్టీన్లు జతకట్టడానికి 15 దారులున్నాయి. 15 రకాలకీ మాస్ ఒకటే. మేము పంపింది తప్పుడు జతలున్నది. సరైనది పక్కన ఉన్న ఆ చిన్న పీక్‌లలో ఒకటి. దాన్ని టీసీఈపీ అనే రసాయనంతో పాక్షికంగా విప్పి, విడివడిన సిస్టీన్లకి గుర్తుగా ఎన్-ఇథైల్‌మేలిమైడ్ తగిలించి, ఏది దేనితో జతకట్టిందో చూశాక గానీ తెలియలేదు. ఆ రోజు నుంచి నా దగ్గర పనిచేసే ఎవరికైనా మొదట చెప్పేది ఇదే: మాస్ సరిపోయిందని సంతోషపడొద్దు, బంధాలు చూపించండి.

ఇప్పుడు మీ ప్రశ్నకి ఇంకా దగ్గరగా ఉన్న కథ. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో బ్రూస్ లివెట్ బృందం కోనస్ విక్టోరియే అనే నత్త నుంచి వీసీ1.1 అనే పెప్టైడ్ తీసింది. 16 అమైనో ఆమ్లాలు, రెండే బంధాలు. ఇది వెన్నుపాములోకి ఎక్కించక్కర్లేదు, చర్మం కింద ఇంజెక్షన్ ఇస్తే చాలు, నరం దెబ్బతిన్న ఎలుకల్లో నొప్పి తగ్గింది. చోటు సమస్య తీరినట్టే అనిపించింది. మనుషుల మీద రెండో దశ ట్రయల్స్ దాకా వెళ్ళింది. 2007లో ఆపేశారు. అది పట్టుకుంటుందనుకున్న ఆల్ఫా-9-ఆల్ఫా-10 అనే నికోటినిక్ రిసెప్టర్ (రసాయన కబురు అందుకునే ప్రోటీన్) ఎలుకల్లో ఒకలా, మనుషుల్లో ఇంకోలా ఉంది. మనిషి రిసెప్టర్ మీద ఆ పెప్టైడ్ బలం చాలా తక్కువ అని తేలింది. ఇదే రిసెప్టర్‌ని పట్టే ఆర్‌జీఐఏ అనే ఇంకో నత్త పెప్టైడ్‌లోనూ ఇంతే. మనిషి రిసెప్టర్ మీద దాని బలం సుమారు 300 రెట్లు తక్కువ, కారణం రిసెప్టర్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడా. తర్వాత మెకింటాష్ బృందమే, మనిషి రిసెప్టర్‌నీ గట్టిగా పట్టుకునేలా దాన్ని మార్చి, ఆర్‌జీఐఏ4 అని 2017లో ప్రచురించింది.

వీసీ1.1ని మాత్రగా చెయ్యాలని బ్రిస్బేన్‌లో డేవిడ్ క్రెయిక్ బృందం పట్టుదలగా పనిచేసింది. వాళ్ళకి దారి చూపింది ఒక మొక్క. 1960ల్లో కాంగోలో పనిచేసిన లోరెంట్స్ గ్రాన్ అనే నార్వే డాక్టరు, అక్కడి ఆడవాళ్ళు కాన్పు త్వరగా అవడానికి ఒక ఆకుని మరిగించి టీలా తాగడం గమనించారు. అందులో పనిచేసేది ఒక పెప్టైడ్. మరిగించినా, మింగినా పాడవలేదు. తర్వాత తేలిందేమిటంటే, దాని మొదలూ చివరా కలిసిపోయి ఉన్నాయి, లోపల మళ్ళీ మూడు డైసల్ఫైడ్‌ల ముడి. కొసలు పట్టుకుని కొరికే ఎంజైములకి కొసే దొరకదు. ఇలాంటి గుండ్రటి పెప్టైడ్‌లు మన దడుల మీద పాకే శంఖుపుష్పంలోనూ ఉన్నాయి, 2011లో బయటపడింది. పూజకి కోసే ఆ నీలం పువ్వుల తీగ గింజల్లో ఈ రసాయనం ఉందని తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

క్రెయిక్ బృందం వీసీ1.1 రెండు కొసల మధ్య ఆరు అమైనో ఆమ్లాల వంతెన వేసి గుండ్రం చేసింది. 2010లో ప్రచురించిన ఆ పనిలో, నోటి ద్వారా ఇచ్చినా ఎలుకల్లో నరాల నొప్పి తగ్గింది. కొసలు దగ్గరగా ఉండటం వల్ల వంతెన వేసినా ఆకారం చెడలేదు. కొసలు దూరంగా ఉండే పెప్టైడ్‌కి పొట్టి వంతెన వేస్తే మొత్తం మెలి తిరిగిపోతుంది, గట్టిపడుతుంది గానీ పనిచెయ్యదు.

ఇంకో పని నన్ను బాగా ఆలోచింపజేసింది. డైసల్ఫైడ్ బంధాలకి రక్తంలో ఒక బలహీనత ఉంది. ఆల్బుమిన్, గ్లూటాథయోన్‌లలో ఉన్న థయోల్స్ (గంధకం-హైడ్రోజన్ గుంపులు) వాటిని విప్పి వేరే జతలు కట్టిస్తాయి. అది జరగకుండా గంధకాన్ని తీసేసి కార్బన్-కార్బన్ బంధం పెట్టిచూశారు. వీసీ1.1లో ఒక బంధాన్ని అలా మారిస్తే అది నికోటినిక్ రిసెప్టర్ మీద మాత్రమే పనిచేసింది. రెండో బంధాన్ని మారిస్తే గాబా-బి అనే ఇంకో రిసెప్టర్ దారిలో మాత్రమే పనిచేసింది. అసలు పెప్టైడ్ నొప్పి తగ్గించేది ఈ రెండింట్లో దేనివల్ల అన్న వాదన ఈ రంగంలో ఏళ్ళ తరబడి నడిచింది. గట్టిపరచడానికి చేసిన మార్పు మందు గుణాన్నే రెండుగా చీల్చింది చూడండి. అందుకే నిలకడ పెంచే ప్రతి మార్పు తర్వాతా, మనిషి రిసెప్టర్ మీద మళ్ళీ కొలవాలి. ముందు గట్టిపరిచి తర్వాత లక్ష్యం చూద్దాం అనుకుంటే కుదరదు.

మీ డి-అమైనో ఆమ్లాల ఆలోచన దగ్గరికి వస్తే, పేగులోని ట్రిప్సిన్ అనే ఎంజైము గొలుసుని లైసిన్, ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోస్తుంది. అక్కడ డి-రూపం పెడితే కోయలేదు, నిజమే. కానీ ఈ విష పెప్టైడ్‌లలో ఛానెల్‌ని పట్టుకునేవి తరచుగా ఆ లైసిన్, ఆర్జినైన్‌లే. ఎంజైముకి అందకుండా చేద్దామని తిప్పేసరికి రిసెప్టర్‌కీ అందకుండా పోతుంది. అందుకని మొదట ఏ స్థానాలు పట్టుకోవడానికి అక్కర్లేదో తెలుసుకుని, అక్కడే డి-రూపం ప్రయత్నించాలి. చాలాసార్లు కొస దగ్గర చేసే చిన్న మార్పే ఎక్కువ లాభం ఇస్తుంది. కోనస్ మార్మొరియస్ నత్త పెప్టైడ్ ఒకదానికి మొదట్లో ఉన్న ఆస్పరాజిన్ నిలవ ఉండేది కాదు. దాని బదులు పైరోగ్లుటమేట్ అనే మార్చిన అమైనో ఆమ్లం పెట్టాక నిలకడ వచ్చింది, పని చెడలేదు. జెన్2174 పేరుతో అది మనుషుల ట్రయల్స్ దాకా వెళ్ళింది, తర్వాత దుష్ఫలితాల వల్ల ఆగింది.

నోటి మాత్ర సంగతి కూడా స్పష్టంగా తెలుసుకోండి. పేగులో విరగకపోవడం వేరు, పేగు గోడ దాటడం వేరు. షుగరుకి ఇచ్చే సెమాగ్లుటైడ్ మీకు తెలుసు కదా. దాని మాత్ర 2019లో వచ్చింది. ఇంజెక్షన్ వారానికి 1 మిల్లీగ్రాము చాలిన చోట, మాత్ర రోజుకి 14 మిల్లీగ్రాముల దాకా మింగాలి. ఎందుకంటే ఒక శాతం కూడా రక్తంలోకి చేరదు. మూడు బంధాలు సరిగ్గా పడాల్సిన పెప్టైడ్‌ని అంతంత వృథా చేసేలా తయారుచెయ్యాలంటే ఖర్చు ఎంతవుతుందో ఊహించండి.

ప్రాజెక్టుగా తప్పకుండా తీసుకోండి, కానీ చిన్నదిగా. జికోనొటైడ్ జోలికి వెళ్ళకండి. నాలుగు సిస్టీన్ల ఆల్ఫా-కోనోటాక్సిన్ (వీసీ1.1 లాంటి నత్త పెప్టైడ్) ఒకటి ఎంచుకోండి, జతకట్టే దారులు మూడే. రెండు సిస్టీన్లకి ట్రైటిల్, రెండింటికి ఏసీఎం అనే రక్షణ గుంపులు (గంధకాన్ని కప్పి ఉంచే తొడుగులు) పెట్టి, మొదటి బంధం గాలితో, రెండోది అయోడిన్‌తో వేస్తే మీరు కోరిన జతే వస్తుంది. తర్వాత మామూలుది ఒకటి, ఒకే ఒక్క మార్పు చేసినది ఒకటి, రెండింటినీ మనిషి రక్తపు ప్లాస్మాలో 37 డిగ్రీల దగ్గర ఉంచి 0, 1, 2, 4, 8, 24 గంటలకి కొంచెం కొంచెం తీసి చూడండి. ఇందులో రెండు జాగ్రత్తలు ఎవరూ చెప్పరు. ఖచ్చితంగా విరిగే సాదా పెప్టైడ్ ఒకటి పక్కన నడపండి. అదీ విరగకపోతే మీ ప్లాస్మాలో ఎంజైములు చచ్చిపోయాయని అర్థం, మీ పెప్టైడ్ గట్టిదని కాదు. ఇంకోటి, ప్లాస్మా లేని బఫర్‌లో కూడా అదే సమయాలకి తీయండి. తక్కువ గాఢతలో పెప్టైడ్ ప్లాస్టిక్ ట్యూబు గోడకి అంటుకుపోతుంది, పీక్ తగ్గగానే విరిగిపోయిందని రాసేస్తారు. విరిగితే ముక్కల మాస్‌లు కనబడాలి. జత మారితే అదే మాస్‌తో కొత్త చోట పీక్ రావాలి. ఈ రెండూ లేకపోతే ట్యూబు మార్చి చూడండి.

చదవడానికి మన దేశంలో జరిగిన పని కూడా ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో పి. బలరామ్, ఆయనతో కె.ఎస్. కృష్ణన్ మన తీరంలో దొరికే కోనస్ అమాడిస్ లాంటి నత్తల పెప్టైడ్‌ల మీద రాసిన పేపర్లతో మొదలుపెట్టండి. మాస్ స్పెక్ట్రమ్ (ముక్కల బరువుల గ్రాఫు) చూసి అమైనో ఆమ్లాల వరుసని ఎలా తేల్చాలో వాటిలో నేర్చుకోవచ్చు. ఒక్క మాట, బీచ్‌లో అందమైన శంకు నత్త కనబడితే, బతికి ఉందేమో అన్న అనుమానం ఉన్నా చేత్తో తియ్యకండి. కోనస్ జియోగ్రాఫస్ కుట్టి మనుషులు చనిపోయారు, దానికి విరుగుడు మందు లేదు.

అమ్మగారి గురించి. నేను డాక్టరుని కాను, కానీ మా నాన్నగారికి ఇదే బాధ ఉండేది కాబట్టి చెబుతున్నాను. నత్త మందు కోసం ఎదురుచూడకండి. మత్తుగా ఉందని ప్రీగాబాలిన్ ఉన్నట్టుండి మానెయ్యనివ్వకండి. మోతాదు తగ్గించడం, ఎక్కువ భాగం రాత్రికి మార్చడం, లేదా డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటి వేరే మందుకి వెళ్ళడం కుదురుతుందేమో డాక్టరుగారిని అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడుతుంటే బీ12 పరీక్ష చేయించండి, అది తగ్గినా అరికాళ్ళు ఇలాగే మండుతాయి. పాము విషం, తేలు విషం నూనె అని ఆన్‌లైన్‌లో అమ్మేవి కాళ్ళకి రాయకండి. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడితే తెలియదు, రోజూ పడుకునే ముందు అరికాళ్ళు, వేళ్ళ సందులు మీరే లైటు వేసి చూడండి.

ఏ పెప్టైడ్ ఎంచుకున్నారో, ఏ స్థానం మార్చాలనుకుంటున్నారో వరుసతో సహా రాయండి. రెజిన్, రక్షణ గుంపులు కొనేముందు ఒకసారి చూసి చెబుతాను.